వ్యాన్ కిచెన్ సింకు మీద మూత: ఎండీఎఫ్ ఉబ్బిపోయింది, దేనితో చేయించాలి?

కోట జంక్షన్ (విజయనగరం):
ట్రావెలర్ వ్యాన్‌ని క్యాంపర్‌గా మార్చి వాడుతున్నామండి. గట్టు మీద స్టీలు సింకు. అంచుతో కలిపి 18 బై 16 అంగుళాలు, లోపలి నోరు 16 బై 14. బండితో వచ్చిన మూత ఎండీఎఫ్, పైన లామినేట్. ఒక్క వానాకాలానికే అంచులు ఉబ్బి లామినేట్ లేచిపోయింది, ఒక మూల సింకుకి ఆనడం లేదు. హైవేలో ఫరవాలేదు గానీ అరకు ఘాట్‌లో టకటకా కొట్టుకుంటుంది, మలుపుల్లో జారి కింద పడుతుంది. గట్టు చిన్నది, మూత వేస్తేనే కూరలు తరగడానికి చోటు. ఏ సరుకుతో చేయిస్తే నిలుస్తుంది? మందం ఎంత ఉండాలి? అడుగున అయస్కాంతాలు పెడితే కదలకుండా ఉంటుందా?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
ముందు అయస్కాంతాల సంగతి. మంచి సింకులు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి, వాటికి అయస్కాంతం పట్టదు. ఫ్రిజ్ మీద అతికించే బొమ్మ ఒకటి సింకుకి ఆనించి చూడండి, తెలిసిపోతుంది.

ఎండీఎఫ్ అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కిన అట్ట. పైన లామినేట్ ఉన్నా, కోసిన అంచు నుంచి నీళ్లు పీలుస్తుంది. ఒకసారి ఉబ్బితే ఎండినా మళ్లీ సన్నబడదు. కాబట్టి పాతదానికి రంగులు వేసి డబ్బు పోగొట్టుకోకండి.

మీ పనికి హెచ్‌డీపీఈ పలక సరైనది, హోటల్ సామాన్ల షాపుల్లో చాపింగ్ బోర్డుగా అమ్మే తెల్ల గట్టి ప్లాస్టిక్. 15 మి.మీ. మందం తీసుకోండి. 12 అయితే ఎండలో నిలిపిన బండిలో మెల్లగా వంగుతుంది. కొలత 446 బై 396 మి.మీ., అంటే నోటికి నాలుగు వైపులా 20 మి.మీ. చొప్పున అంచు మీద ఆనుతుంది. బరువు రెండున్నర కిలోలు.

టేపుతో కొలిచి కోయించకండి, సింకు మూలలు గుండ్రంగా ఉంటాయి. చార్టు కాగితం సింకు మీద పరిచి టేపుతో అంటించండి. పెన్సిల్‌ని పడుకోబెట్టి అంచు వెంబడి రుద్దితే నోటి గీత నల్లగా తేలుతుంది. ఆ గీతకి బయట చుట్టూ 20 మి.మీ. వదిలి కత్తిరించి, అట్టపెట్టె ముక్కకి అంటించి, పైవైపు ఏదో, ముందు వైపు ఏదో రాసుకోండి. తిరగేసి గీస్తే ఎడమ కుడి మారిపోతాయి, పలక పాడవుతుంది.

జారకుండా ఆపేది అడుగున కొట్టే రీపులు. అదే సరుకు 12 మి.మీ. పలక ముక్క నుంచి 25 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. ఎత్తు, 200 మి.మీ. పొడవు రీపులు నాలుగు కోయండి. అవి సింకు నోటి లోపలికి దిగాలి, నోటి గోడకి 3 మి.మీ. ఎడం ఉండాలి. అంటే పలక అంచు నుంచి 23 మి.మీ. లోపలికి. ఆ 3 మి.మీ. వదలకపోతే ఎండాకాలం ఇరుక్కుపోతుంది: 40 సెం.మీ. పలక 20 డిగ్రీల వేడి తేడాకి మిల్లీమీటరుకి పైనే పెరుగుతుంది.

ఈ ప్లాస్టిక్‌కి మామూలు జిగురేదీ పట్టదు, ఫెవికాలూ అంతే, సిలికానూ అంతే. 4 మి.మీ. లావు, 20 మి.మీ. పొడవు 304 స్టీలు స్క్రూలు రీపుకి రెండేసి, ముందుగా 3 మి.మీ. రంధ్రం వేసి బిగించండి. భావనపాడు, కళింగపట్నం లాంటి తీరాల్లో సముద్రపు గాలికి మామూలు ఇనుప స్క్రూలు తుప్పు కారుస్తాయి. జిగ్‌సాని నెమ్మదిగా, ముతక పళ్ల బ్లేడుతో నడపమనండి. వేగం పెంచితే కోసిన చోటే కరిగి వెనకాలే మళ్లీ అతుక్కుంటుంది. అంచుల్ని ఉప్పుకాగితంతో రుద్దితే నూగు లేస్తుంది, చాకు వీపుతో గీకండి.

ఉద్దానం:
చెక్క ఇష్టమైతే పనస ఉంది. బొబ్బిలి వీణలు చేసే కర్రే. ఆరిన కర్ర మాత్రమే తీసుకోండి, పచ్చిది తప్పకుండా వంగుతుంది. 16 అంగుళాల ఒకే పలక వద్దు. నాలుగేసి అంగుళాల పట్టీలు నాలుగు, కోసిన చివర కనిపించే వలయాలు ఒకటి పైకి, ఒకటి కిందికి వచ్చేలా పేర్చి అతికిస్తే దోనెలా వంగదు. రీపుల స్క్రూ రంధ్రాలు పొడుగ్గా తొలిపించండి, చెక్క నార అడ్డంగా వానకి పెరిగి ఎండకి తగ్గుతుంది. బిగించి కొడితే చీలుతుంది.

నూనె రెండు వైపులా ఒకేలా పట్టించాలి. పైన మాత్రమే పట్టిస్తే అడుగు తేమ పీల్చి వంగుతుంది. తిండికి వాడదగ్గ మినరల్ ఆయిలే వాడండి, వేరుశనగ నూనె, నువ్వుల నూనె కొన్నాళ్లకి జిగురై కంపు కొడతాయి. కొత్తలో తడిగుడ్డకి పసుపు రంగు దిగుతుంది. అది పనస సహజ రంగు, కంగారు పడొద్దు.

ప్లైవుడ్ అనుకుంటే ముద్ర చూసి ఐఎస్ 710 (నీళ్లకి తట్టుకునే మెరైన్ రకం) కొనండి. మామూలు వాడకానికి చేసే 303 ముద్రది సింకుకి చాలదు. 710 అయినా కోసిన అంచులకి పీయూ (పాలీయురెథేన్) పూత మూడు సార్లు పడాలి.

కోట జంక్షన్:
హెచ్‌డీపీఈకే వెళ్తానండి. రెండు ముక్కలుగా చేయిస్తే సగం తీసి గిన్నెలు కడుక్కోవచ్చు కదా? ఘాట్‌లో ఎగిరి పడకుండా ఏం చెయ్యాలి?

నాగావళి ఒడ్డు:
చేయించవచ్చు. కోత మీ ఎదుట నుంచి గోడ వైపుకి రావాలి, అప్పుడు ప్రతి ముక్కకీ ముందూ వెనకా అంచు ఆసరా ఉంటుంది. అడ్డంగా కోస్తే 16 అంగుళాల దూరం దాటాలి, కత్తి దెబ్బకి మధ్యలో ఊగుతుంది. ముందు వెనక రీపులు ఒక్కో ముక్కకి 150 మి.మీ. చాలు. రెండు ముక్కల మధ్య 2 మి.మీ. సందు ఉంచండి. ఒక్కో దానికి 30 మి.మీ. వేలి రంధ్రం వేయించండి. లోపలి తేమ అటు నుంచి పోతుంది, బూజు రాదు. మూసే ముందు సింకు తుడవాలి మరి.

రీపులు పక్కకి జారడాన్ని ఆపుతాయి, పైకి ఎగరడాన్ని ఆపవు. గుంతల్లో ఎగురుతుంది. బండి కదిలేముందు తీసి పెట్టడమే నా మాట. అల్మరా పక్క గోడకి రెండు పట్టీలు కొట్టి, వాటి మధ్య రీపులతో సహా పట్టేలా 30 మి.మీ. సందులో నిలువుగా దూర్చండి, సందు లోపల రబ్బరు పట్టీ అంటిస్తే చప్పుడు ఉండదు. రెండు ముక్కలకి రెండు సందులు కావాలి.

ఉద్దానం:
పొయ్యి మీంచి దించిన పెనం, కుక్కరు ఆ ప్లాస్టిక్ మీద పెట్టొద్దండి. అది 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దోసె పెనం అంతకంటే చాలా వేడిగా ఉంటుంది. పెనం ఆకారం పలకలో దిగిపోతుంది, చెక్కినా పోదు. పొయ్యికీ సింకుకీ మధ్య జానెడు చోటు లేకపోతే, మంట వైపు వచ్చే ముక్కని మాత్రం పనసతో చేయించండి.