డ్యూటీ చార్టు ఎన్‌పీ-హార్డ్: నిజమా, సాకా?

నైట్‌డ్యూటీ: మా వార్డులో 30 మంది నర్సులం, చార్టు నాలుగు వారాలకోసారి వేస్తారు. సాఫ్ట్‌వేర్ వచ్చాక కూడా నైట్ దిగిన పొద్దున్నే మళ్ళీ మార్నింగ్ పడుతోంది. అడిగితే "ఇది ఎన్‌పీ-హార్డ్ మేడమ్, ఇంతకంటే రాదు" అంటున్నారు. నిజమేనా, మా చెవిలో పువ్వులు పెడుతున్నారా?

గ్రాఫుపిచ్చి: నిజమేనండీ. ఎన్‌పీ-హార్డ్ అంటే ప్రతిసారీ వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకని రకం లెక్క. మూడు షిఫ్టులు, ఒక ఆఫ్. రోజుకి మనిషికి నాలుగు దారులు. 30 మందికి 28 రోజులంటే 4ని 840 సార్లు గుణించాలి. 506 అంకెల సంఖ్య వస్తుంది!

పాతకోడు: అంకెలు చూపించి భయపెట్టకండి సార్. వెయ్యి మందికి వెయ్యి పనులు పంచే దారులు అంతకన్నా ఎక్కువే, అయినా 1955లో కూన్ అనే గణితవేత్త ఇచ్చిన హంగేరియన్ పద్ధతి చకచకా తేల్చేస్తుంది. నర్సులందరూ ఒకటే అనుకోండి. ప్రతి రోజూ ప్రతి షిఫ్టుకీ ఒక గడి గీయండి, ఒకదాని తర్వాత ఒకటి రాదగ్గ గడుల మధ్య బాణాలు వేయండి. నైట్ నుంచి మర్నాటి మార్నింగ్‌కి బాణం వేయొద్దు. ఇక 30 మందిని ఆ బాణాల వెంట నడపడమే. అది నెట్‌వర్క్ ఫ్లో, పాలినోమియల్ టైమ్‌లో, అంటే చార్టు పెరిగినా టైమ్ అదుపు తప్పకుండా, అయిపోతుంది. మేడమ్ అడిగిన నియమం ఒక్కటే అయితే కష్టమే లేదు.

గ్రాఫుపిచ్చి: అందరూ ఒకటే అయిన వార్డు ఎక్కడుంది? ఒకరికి ఐసీయూ శిక్షణ ఉంటుంది, ఒకరికి 14న సెలవు కావాలి, ఇంకొకరికి శుక్రవారం నైట్ వద్దు. మనిషికో నియమం రాగానే ఒక్క ఫ్లో కాస్తా, ఒకదాంతో ఒకటి కలపడానికి వీల్లేని చాలా ఫ్లోలవుతుంది. పూర్ణాంకాల్లో అలాంటివి రెండే ఉన్నా ఎన్‌పీ-కంప్లీట్ అని, అంటే అదీ ఎన్‌పీ-హార్డ్ కోవలోదే అని, ఈవెన్, ఇటాయ్, షామిర్ అనే పరిశోధకులు 1976లోనే చూపించారు. టైమ్‌టేబుల్ సంగతీ అదే పేపర్లో ఉంది.

పాతకోడు: సాధారణ రూపం కష్టమని నేనెప్పుడు కాదన్నాను? ఎన్‌పీ-హార్డ్ అన్న మాట ఎంత పెద్ద చార్టుకైనా, ఎలాంటి నియమాలకైనా పనికొచ్చే వేగమైన పద్ధతి గురించి. మీ వార్డు గురించి కాదు. గూగుల్ ఓఆర్-టూల్స్‌లో సీపీ-శాట్ అని ఇలాంటి లెక్కలు తేల్చే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, ఈ సైజు చార్టులు దానికి కొత్తేం కాదు. మేడమ్, ఒక్కటి అడగండి: నైట్ తర్వాత మార్నింగ్ వద్దన్న నియమం సాఫ్ట్‌వేర్‌లో తప్పనిసరా, లేక మీరితే చార్టుకి కొన్ని మార్కులు తగ్గించి సరిపెట్టే పెనాల్టీయా?

నైట్‌డ్యూటీ: అడిగాను. పెనాల్టీయేనట, అదీ అన్నిటికన్నా తక్కువ. ఎవరు పెట్టారంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గ్రాఫుపిచ్చి: తప్పనిసరి చేస్తే అసలు చార్టే కుదరకపోవచ్చు.

పాతకోడు: కుదరకపోతే మనుషులు చాలరని లెక్కే చెప్తుంది. ఆ కాగితం పట్టుకుని సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళొచ్చు కదా!