రాజద్రోహమా, దేశద్రోహమా?

చిత్తూరు నుంచి ఒక అక్క ప్రశ్న:
హాంకాంగ్ ‘యాపిల్ డైలీ’ పేపరు పబ్లిషర్ జిమ్మీ లాయ్ గురించి మా స్కూలు గోడపత్రికకు నాలుగు ముక్కలు రాస్తున్నా. ఆయన మీద పెట్టిన కేసు ఒకచోట రాజద్రోహం అని ఉంది, ఇంకోచోట దేశద్రోహం అని ఉంది. ఏది రాసేది? అయినా హాంకాంగ్‌లో రాజు యాడున్నాడు సామీ?

తిరుపతి నుంచి జవాబు:
రాజద్రోహమే రాయండక్కా. ఆ మాటలో రాజంటే కిరీటం పెట్టుకున్నాయన కాదు, గద్దె మీదున్న సర్కారు. సర్కారును తిడితే రాజద్రోహం, దేశాన్ని శత్రువుకు అమ్మితే దేశద్రోహం. రెంటినీ కలిపేస్తే మంత్రిగారి మీద కార్టూను వేసినోడు కూడా ఊరందరికీ శత్రువైపోతాడు. అలా కలిపేయాలని ఎవరికుంటుందో వేరే చెప్పాలా!

మన శిక్షాస్మృతిలో రాజద్రోహపు సెక్షన్ 124ఏ 1870లో చేరింది. సర్కారు మీద జనానికి అప్రీతి కలిగిస్తే నేరమట. ప్రేమనేది చట్టం చేస్తే పుట్టేది కాదని 1922లో గాంధీ అహ్మదాబాద్ కోర్టులో జడ్జి ముఖానే చెప్పి, నేరం ఒప్పుకుని ఆరేళ్ళ శిక్ష వేయించుకున్నాడు. హింసకు, అల్లర్లకు ఉసిగొల్పితేనే ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1962లో అంది, 2022 మేలో దాన్ని పక్కన పెట్టించింది. పాత శిక్షాస్మృతి బదులు 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయసంహితలో ఆ పేరు లేదు. దాని బదులు దేశ సార్వభౌమత్వం, సమగ్రత అంటూ 152వ సెక్షన్ ఉంది. అంటే చట్టమే రాజును తీసేసి దేశాన్ని పెట్టింది. నాకైతే పాత మాటే నయం, ఎవరికి కోపమొచ్చిందో దాచకుండా చెప్పేది.

రిటైరైన ప్రూఫ్‌రీడర్ ఒకాయన:
హాంకాంగ్ దాకా ఎందుకబ్బా? 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు తిరునెల్వేలి కాల్పుల మీద రాస్తూ తెల్ల సర్కారును విదేశీ పులి అన్నారు. రాజద్రోహం కింద ఆయన్ను పెట్టింది మన పక్కనున్న రాయవేలూరు జైల్లోనే, బందిపోట్ల మధ్య, గొలుసులేసి. అప్పటికి చిత్తూరు, రాయవేలూరు అంతా ఒకటే ఉత్తర ఆర్కాటు జిల్లా. మన జిల్లా ఏర్పడింది 1911లో.

ఇంకోటి. పేపరు చివరి పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రింటరు, పబ్లిషరు పేర్లుంటాయే, చూశారా? 1867 చట్టం నుంచి అవి తప్పనిసరి. రేపు కేసు పెట్టాలంటే ఎవరింటి తలుపు కొట్టాలో పోలీసులకు తెలియాలి కదా! ఆ లైను ప్రూఫు దిద్దేటప్పుడు మా ఓనరు పక్కనే నిలబడేవాడు. పేరులో ఒక్క దీర్ఘం పోయినా ఆయనకు టెన్షన్.

అక్క:
మరి లాయ్ మీద పెట్టింది కూడా మన 124ఏ లాంటి రాజద్రోహ చట్టమేనా?

తిరుపతి నుంచి:
ఆ కుదురుదేనక్కా. తెల్లోళ్ళు అక్కడా రాజద్రోహ చట్టం పెట్టి పోయారు. పేపరు పెట్టింది 1995లో. 2020 డిసెంబరు నుంచి ఆయన జైల్లోనే ఉన్నాడు. 2021 జూన్ 24న వచ్చిన ఆఖరి సంచిక పది లక్షల కాపీలు వేస్తే జనం అర్ధరాత్రి నుంచే క్యూ కట్టారు. 2025 డిసెంబరులో కోర్టు దోషి అంది. రాజద్రోహపు రాతలు ప్రచురించే కుట్ర ఒకటి, విదేశీ శక్తులతో కలిసిన కుట్ర ఇంకొకటి. మీరు రెండూ విడివిడిగా రాయండి, ‘దేశద్రోహి’ అని మాత్రం వద్దు.

అక్క:
సరే. రెండోదానికి ‘కుమ్మక్కు’ అని రాస్తా. పిల్లోళ్ళకు డిక్షనరీ అవసరం లేదు.