ఊరి క్రీడా ప్రాంగణంలో ఆడపిల్లలకూ చిన్నపిల్లలకూ వంతు వచ్చేదెట్లా?

ప్రశ్న: యువజన సంఘ సభ్యుడు, వరంగల్ జిల్లా

2022లో రాష్ట్రమంతటా గ్రామీణ క్రీడా ప్రాంగణాలు మొదలైన తరువాత మా ఊరి చివర, తండాకు పోయే దారిలో కూడా ఒకటి ఏర్పాటైంది. బోర్డు ఉంది, వ్యాయామం చేసే బార్లు ఉన్నాయి, కబడ్డీ, ఖో-ఖో, వాలీబాల్ ఆడుకునేందుకు జాగా ఉంది. అయితే లాంగ్‌జంప్ పిట్‌లో ఇసుక గట్టిపడి గడ్డి మొలిచింది. ఖో-ఖో స్తంభానికి ఎవరో బర్రెను కట్టేస్తున్నారు. సాయంత్రమైతే ఇరవై ఏళ్లు దాటిన యువకుల క్రికెట్‌కే స్థలమంతా సరిపోతుంది. పదేళ్ల పిల్లలు గట్టు మీద కూర్చొని, బయటికి పోయిన బంతిని తెచ్చి ఇస్తుంటారు. ఆడపిల్లలు అటు రావడమే మానేశారు. యువకులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, వారికీ ఉన్నది అదొక్కటే. ఊళ్లో గొడవ కాకుండా అందరికీ వంతు వచ్చే ఏర్పాటు ఎట్లా చేయవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, హనుమకొండ

మీ ఊళ్లో పంచుకోవలసింది జాగా కన్నా ముందు వేళ. చలికాలంలో మన దగ్గర ఆరు కాకముందే పొద్దు కుంకుతుంది. హైస్కూలు విడిచేసరికి నాలుగు దాటుతుంది కనుక బడి పిల్లలకు దక్కే వెలుతురు గంట, మహా అయితే గంటన్నర. యువకులకు తెల్లవారుజామున వీలవుతుంది, ఆదివారాలు ఉన్నాయి; పిల్లలకు ఆ గంట తప్ప మరొకటి లేదు. అందుచేత ఆ గంట బడి పిల్లలదేనని, అందులో వారానికి మూడు రోజులు ఆడపిల్లలవని గ్రామసభలో తీర్మానం చేయించి, ప్రాంగణం బోర్డు మీదనే రాయించండి. నోటిమాటగా చెప్పుకున్నది నాలుగు రోజులు కూడా నిలవదు.

ఏ ఆట ఆడిస్తున్నామన్నది కూడా చూడాలి. ఖో-ఖో కోర్టు 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. అందులో తొమ్మిది మంది తరుముతుంటే ముగ్గురు తప్పించుకుంటూ, ఒకేసారి పన్నెండు మంది ఆటలో ఉంటారు. రెండు స్తంభాలు, ఇంత సున్నం తప్ప ఖర్చు లేదు. ఆడపిల్లల కబడ్డీకి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు సరిపోతుంది. క్రికెట్‌లో చిన్నవాడికి బ్యాటింగ్ వచ్చేసరికి చీకటి పడుతుంది.

ఇక నేర్పే మనిషి సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నది. కానీ వ్యాయామ బోధకుడిని, అదీ పార్ట్‌టైమ్‌గా, ఆరు నుంచి ఎనిమిది తరగతులలో వందమందికి పైగా పిల్లలున్న చోటనే తప్పనిసరి చేసింది; ప్రాథమిక తరగతులకు ఆ ఊసే లేదు. కాబట్టి చిన్న బడికి పీఈటీ వస్తారని ఎదురుచూడకుండా, మీ క్రికెట్ యువకులలోనే ఓపిక ఉన్న ఇద్దరిని పిల్లలకు ఆడించమని అడగండి. వాళ్లను దూరం పెడితే గొడవ, పని అప్పగిస్తే గౌరవం.

జవాబు: అంగన్‌వాడీ టీచర్, నర్సంపేట వైపు

సార్ చెప్పిన వేళల పంపకం మంచిదే, కానీ బోర్డు మీద రాసినంత మాత్రాన ఆడపిల్లలు ఊరి చివరి దాకా రారన్నా. తల్లులు అడిగేవి మూడే: మరుగుదొడ్డి ఎక్కడుంది, తిరిగి వచ్చే దారిలో వీధిదీపం వెలుగుతుందా, అక్కడ పెద్దమనిషి ఆడవాళ్లెవరైనా ఉంటారా? మొదటి ఆరు నెలలు బడి ఆవరణలోనే ఆడించండి. అక్కడ మరుగుదొడ్డి ఉంటుంది. సాయంత్రం దాని తాళం ఎవరి దగ్గర ఉండాలో మాత్రం హెడ్మాస్టరు గారితో ముందే మాట్లాడుకోవాలి. ఎండాకాలంలో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి పంపాలన్నా ఇదే చిక్కు: 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు గాని, తిరుగుబస్సు వేళకు లేకపోతే ఏ తల్లీ పంపదు.

జవాబు: ఒక తండ్రి, పర్వతగిరి మండలం

దివ్యాంగ పిల్లల మాట ఎవరూ ఎత్తలేదు. మా మండలంలోని కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024లో కోబేలో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం అది. మా అబ్బాయికీ అటువంటి ఇబ్బందే. ఆటలప్పుడు వాడిని ఎప్పుడూ నీళ్ల సీసాల దగ్గర కూర్చోబెడతారు. ఖో-ఖోలో వరుసలో కూర్చోబెట్టి, లేవవలసినప్పుడు వీపు తట్టి పేరు పెట్టి పిలిస్తే వాడూ ఆడగలడు; ఇంటి దగ్గర అక్కతో ఆడుతూనే ఉన్నాడు. పతకం వచ్చాక ఫ్లెక్సీలు కట్టడానికి ఊరంతా ముందుకు వస్తుంది గాని, అంతకుముందు వరుసలో ఒక చోటు ఇప్పించడమే కష్టం. మీ తీర్మానంలో ఈ పిల్లలనూ చేర్చండి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ ధన్యవాదాలు. బడి ఆవరణలో మొదలుపెట్టే విషయం హెడ్మాస్టరు గారితో ఈ వారమే మాట్లాడతాను. తీర్మానంలో వేళలు రాస్తే చాలా, బాధ్యుల పేర్లు కూడా రాయాలా సార్?

విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు

పేర్లు తప్పక రాయండి. ఇద్దరివి రాయండి, అందులో ఒకరు మహిళ కావాలి. సున్నం, బంతుల ఖర్చు ఎవరు భరిస్తారో కూడా అదే కాగితం మీద ఉండాలి.