ఏప్రిల్‌లో సందక్‌ఫు: ఒక్క రోజులో జీపులో ఎక్కేయడమా, దారిలో ఒక రాత్రి ఆగడమా?

మద్దిలపాలెం మనిషి:

అందరికీ నమస్కారం. ఏప్రిల్ ఆఖరి వారంలో పాపకు స్కూలు సెలవులు మొదలవుతాయి. ఈసారి డార్జిలింగ్ వైపున్న సింగలీలా నేషనల్ పార్కుకు వెళ్దామని ఇంట్లో అనుకున్నాం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ పాప, అరవై ఆరేళ్ళ నాన్నగారు. నాన్నగారికి బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. కాంచన్‌జంగాను ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది ఆయన ఎప్పటి నుంచో చెప్పే కోరిక. పాపకేమో టాయ్ ట్రైన్ ఎక్కాలి.

శనివారం రైలెక్కితే ఆదివారం రాత్రికి న్యూ జల్పాయిగురి. సోమవారం కొండ కింద, జీపులు బయలుదేరే మానేభంజాంగ్ చేరి అక్కడే పడక. మంగళవారం జీపులో నేరుగా కొండ పైనున్న సందక్‌ఫు, అక్కడ ఒక రాత్రి. బుధవారం దిగి డార్జిలింగ్, గురువారం టాయ్ ట్రైన్, శుక్రవారం తిరుగు రైలు. సోమవారం ఆఫీసులో ఉండాలి కాబట్టి ఇంకో రోజు పెంచడం నా వల్ల కాదు.

మంగళవారం దగ్గరే ఇంట్లో రెండు మాటలు వచ్చాయి. ఒకేసారి అంత ఎత్తుకు వద్దు, మధ్యలో తుమ్లింగ్‌లో ఆగమని ఆఫీసులో ఒకాయన చెప్పారు. జీపులో కూర్చుని వెళ్ళేవాళ్ళకు ఆగడం ఎందుకని మా బావమరిది అంటున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

మన్యం తమ్ముడు:

అన్నయ్యా, ముందు ఒక మాట. నేషనల్ పార్కు కోసం రెండు రోజులు రైల్లో కూర్చోవాలా? మన పాపికొండలు కూడా నేషనల్ పార్కే. 2008లో ప్రకటించారు. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి, గోదావరికి రెండు పక్కలా ఉంది. మీరు చెప్పే సింగలీలా దానితో పోలిస్తే చాలా చిన్నది. మారేడుమిల్లిలో రెండు రోజులుంటే నాన్నగారికి శ్రమ ఉండదు, పాపకు వాగులు, అడవి అన్నీ చూపించొచ్చు. ఊరి పక్కనున్న కొండల్ని వదిలేసి దూరపు కొండల వెంట పడటం చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కొమ్మాది అక్క:

తమ్ముడూ, పాపికొండల మీద నీకెంత ప్రేమో నాకూ అంతే. కానీ ఏప్రిల్ ఆఖరు అంటున్నారు కదా ఆయన. అప్పటికి గోదావరి జిల్లాలు నిప్పుల కుంపటిలా ఉంటాయి. మన కొండలకు వసంతం ఫాల్గుణంలోనే వచ్చేస్తుంది. మోదుగ పూసి, ఇప్ప పువ్వు రాలడం మొదలయ్యే రోజులవి. అప్పుడు పిలిస్తే నేనే ముందు బయలుదేరతాను. సింగలీలాలో అసలు పూలు ఏప్రిల్‌లోనే.

ఇక మీరడిగిన దానికి వస్తాను. రెండేళ్ళ క్రితం ఏప్రిల్ మూడో వారంలో మేమూ మీలాగే ప్లాన్ వేసుకున్నాం. పొద్దున మానేభంజాంగ్‌లో ఎక్కాం, మధ్యాహ్నానికల్లా సందక్‌ఫులో ఉన్నాం. ముప్పై కిలోమీటర్ల పైన ఒక రెండు, అంతే దూరం. తుమ్లింగ్ దాకా రోడ్డు బాగానే ఉంది. దాని తర్వాత వచ్చే గైరిబాస్ దాటాక రాళ్ళ మీద కుదిపేస్తుంది. దారి పొడవునా కొండవాలు ఎర్రగా పూసి ఉంది. ఆ చెట్టును అక్కడివాళ్ళు లాలీ గురాస్ అంటారు. మన తురాయి చెట్టంత పెద్దది, పూలు గుత్తులు గుత్తులు. మా ఆయన ప్రతి మలుపులోనూ జీపు ఆపించి ఫొటోలు తీశారు. అంత హుషారుగా ఉన్నారు.

సాయంత్రం ఐదుకు తలనొప్పి అన్నారు. కుదుపులకేమో అనుకున్నాం. ఏడింటికి వేడి వేడి అన్నం, పప్పు పెట్టారు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని ప్లేటు పక్కకు తోసేశారు. తొమ్మిదింటికి వాంతి, మళ్ళీ పదకొండుకు. పడుకుంటే ఊపిరాడటం లేదని గోడకు ఆనుకుని, రెండు బొంతలు కప్పుకుని కూర్చున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని తెల్లవార్లూ గడియారం చూస్తూనే ఉన్నాను. మా ఆయనకు ముప్పై ఎనిమిదేళ్ళు. రోజూ బీచ్ రోడ్డులో పరుగెత్తే మనిషి. తెల్లవారాక బయట జనమంతా కొండను చూస్తుంటే మేం సామాను సర్దుకుని దిగిపోయాం. గైరిబాస్ చేరేసరికి తలనొప్పి తగ్గి, ఆకలేస్తోందన్నారు. ఆ మాట విన్నాక నాకు ఏడుపొచ్చేసింది.

కాబట్టి తుమ్లింగ్‌లో ఆగండి. పెద్దాయన్ని తీసుకెళ్తున్నారు, దయచేసి ఆగండి.

వాల్తేరు పెద్దబ్బాయి:

అక్కా, మీరు పడ్డ ఇబ్బంది చిన్నదని నేననను. కానీ ఒక్కరికి అయినదాన్ని అందరికీ చెప్పి భయపెట్టడం సరికాదు. మేం ఆరుగురం వెళ్ళాం, అందులో మా పెదనాన్నగారికి డెబ్బై. ఒక్క రోజులో ఎక్కాం, ఎవరికీ ఏమీ కాలేదు. రోజూ అక్కడికి వెళ్ళే జీపుల్లో చాలావరకు ఒక్క రోజులో ఎక్కేవే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పడం లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు అసలు శ్రమ బస మార్చడంలోనే ఉంటుంది. ఆ చలిలో మళ్ళీ సంచులు విప్పాలి, మళ్ళీ సర్దాలి, తెలియని చోట రాత్రి బాత్‌రూమ్‌కు లేవాలి. మా పెదనాన్నగారు మోకాళ్ళ నొప్పులతో బాధపడింది దానికే, ఎత్తుకు కాదు. పైగా ఏప్రిల్‌లో మబ్బు ఎక్కువ. మధ్యాహ్నమైతే కమ్మేస్తుంది, ఒక్కోసారి వాన కూడా. కొండ కనిపించేది తెల్లవారుజామునే. అలాంటప్పుడు ఆ అదనపు రాత్రేదో సందక్‌ఫులోనే గడిపితే రెండు ఉదయాలు దొరుకుతాయి కదా. ఎవరెస్టు, కాంచన్‌జంగా, లోత్సే, మకాలు, ప్రపంచంలోని అయిదు పెద్ద శిఖరాల్లో నాలుగు ఒకే చోటి నుంచి కనిపిస్తాయి. దానికోసమే కదా ఇంత దూరం వెళ్ళేది!

డాక్టరు, గాజువాక:

నేను డాక్టర్ని, సింగలీలాకు వెళ్ళలేదు. దారి గురించి మాట్లాడను, ఎత్తు గురించి మాత్రం చెప్తాను.

మానేభంజాంగ్ సుమారు 1,900 మీటర్లు. సందక్‌ఫు 3,636. అంటే నిన్న పడుకున్న చోటికీ ఇవాళ పడుకునే చోటికీ 1,700 మీటర్ల తేడా. 3,000 మీటర్లు దాటాక, పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచొద్దని వైద్యులు చెప్పే మాట. పగలు ఎంత ఎత్తుకు వెళ్ళి వచ్చామన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యం. జీపులో కూర్చుని వెళ్ళినా, నడిచి వెళ్ళినా పైన గాలిలో ఆక్సిజన్ ఒకటే. నడిచేవాడికి రోజులు పడతాయి కాబట్టి ఆ లోపల ఒళ్ళు అలవాటు పడుతుంది. జీపు ఆ వ్యవధి ఇవ్వదు.

పెద్దబ్బాయి గారూ, మీ ఆరుగురికీ ఏమీ కాకపోవడం నిజమే. చాలామందికి ఏమీ కాదు కూడా. ఎత్తు వల్ల వచ్చే ఈ జబ్బు ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు, అదే ఇబ్బంది. వయసు మీరినంత మాత్రాన రాదు, రోజూ పరుగెత్తినంత మాత్రాన ఆగదు. కొమ్మాది అక్కగారి భర్త విషయంలో జరిగింది అదే. సాధారణంగా పైకి చేరిన కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది. అందుకే మధ్యాహ్నం హుషారుగా ఉన్న మనిషి రాత్రికి పడిపోతాడు. సందక్‌ఫులోనే రెండు రాత్రులు ఉండాలన్న మీ సలహాతో నాకు పేచీ ఇక్కడే. మొదటి రాత్రే ప్రమాదం. రెండో ఉదయం కోసం దాన్ని కొనుక్కున్నట్టవుతుంది.

తుమ్లింగ్ సుమారు 2,900 మీటర్లు. అక్కడి నుంచి సందక్‌ఫు కూడా 500 కంటే ఎక్కువే, కాబట్టి అది నూటికి నూరు పాళ్ళు పద్ధతి ప్రకారం అని చెప్పను. కానీ 1,700కూ 700కూ చాలా తేడా ఉంది. నాన్నగారి బీపీ మందులు ఆపకండి. వెళ్ళేముందు ఆయన్ను చూసే డాక్టరుకు ఈ ప్లాన్ మొత్తం చెప్పండి. ఎత్తుకు ముందుజాగ్రత్తగా వాడే ఎసిటజోలమైడ్ అనే మందు ఉంది. అది ఆయనకు సరిపడుతుందో లేదో, ముఖ్యంగా సల్ఫా మందులతో ఎలర్జీ ఉంటే, వాళ్ళే చెప్పాలి. మీ అంతట మీరు కొని వేసుకోవద్దు. పైన మద్యం తాగడం, నిద్రమాత్రలు వేసుకోవడం అసలు వద్దు.

తలనొప్పి, వికారం వరకైతే ఇంకా పైకి వెళ్ళకుండా ఆగి చూడొచ్చు. కూర్చున్నా ఆయాసం రావడం, నడకలో తూలడం, మాట తికమకగా రావడం, ఈ మూడింట్లో ఏది కనిపించినా తెల్లవారేదాకా చూడకండి. దానికి మందు దిగడమే.

కంబాలకొండ నడక:

నేను నాలుగు రోజులు నడిచి ఎక్కాను. నడిచేవాళ్ళకు ఈ చర్చతో పనిలేదు, ఎలాగూ దారిలో రెండు మూడు రాత్రులు ఆగాల్సిందే. రెండు ముక్కలు చెప్తాను.

ఒకటి, తుమ్లింగ్‌లో ఆగితే ఒక రాత్రి వృథా అన్న లెక్క తప్పు. అక్కడి నుంచి కూడా కాంచన్‌జంగా నిండుగా కనిపిస్తుంది, బుద్ధుడు వెల్లకిలా పడుకున్నట్టు. నాకు సందక్‌ఫులో మబ్బే మిగిలింది. నేను చూసిన కాంచన్‌జంగా తుమ్లింగ్‌దే. ఐదింటికి గైడు తలుపు కొట్టాడు. చెప్పులు కూడా దొరక్క సాక్సులతోనే మంచు పడిన గడ్డి మీదకు పరుగెత్తాను. ముందు అంచు మాత్రం గులాబీ రంగు తిరిగింది, తర్వాత కుంకుమ, తర్వాత కళ్ళు చెదిరే తెలుపు. ఇదంతా పది నిమిషాల్లో. పెద్దబ్బాయి గారు రెండు ఉదయాలు కావాలన్నారు కదా, ఇలా వెళ్తే రెండు చోట్ల రెండు ఉదయాలు దొరుకుతాయి.

రెండు, ఎర్ర పూలు కింద ముందు పూస్తాయి, పైకి వెళ్ళేకొద్దీ ఆలస్యం. ఏప్రిల్ ఆఖరుకు కింద కొంత రాలిపోయి ఉంటాయి. పైన గులాబీ, తెలుపు రకాలు మీకు దొరుకుతాయి. గైరిబాస్ తర్వాతి వెదురు అడవిలో ఎర్ర పాండాలు ఉంటాయి. జీపు కాసేపు ఆపించి, పాపతో చప్పుడు చేయకుండా ఒక కిలోమీటరు నడవండి. కనిపించకపోయినా ఆ నడక తనకు గుర్తుంటుంది.

దారి నేపాల్ సరిహద్దు వెంబడే పోతుంది కాబట్టి అందరి గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోండి. గైడు తప్పనిసరి. జూన్ సగం నుంచి సెప్టెంబరు సగం దాకా పార్కు మూసేస్తారు, మీకు ఆ బెంగ లేదు.

వాల్తేరు పెద్దబ్బాయి:

తుమ్లింగ్ నుంచి కూడా కనిపిస్తుందన్నది నాకు తెలియదు. మేం అక్కడ టీ తాగేసరికే మబ్బు పట్టేసింది. ఆ ముక్క ఒప్పుకుంటున్నాను. డాక్టరు గారు చెప్పింది చదివాక ఇంకోటి కూడా తట్టింది. పెదనాన్నగారికి రాత్రి రెండింటికి ఏమైనా అయి ఉంటే, ఆ రాళ్ళ దారిలో చీకట్లో దింపడానికి జీపు దొరుకుతుందా లేదా అన్నది మేం కనుక్కోలేదు. కనుక్కోవాల్సింది.

కానీ సెలవులు లేనివాళ్ళు, ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్ళు ఒక్క రోజులో వెళ్తే తప్పని మాత్రం నేననను. వాళ్ళకు ఉన్నదే ఆ రెండు రోజులు. వెళ్ళొద్దంటే జన్మలో వెళ్ళరు.

డాక్టరు, గాజువాక:

వెళ్ళొద్దని నేనూ అనను. తెలిసి వెళ్ళమంటాను. కుర్రాళ్ళకు రాదన్న నమ్మకం మాత్రం వద్దు. తలనొప్పి వచ్చినా స్నేహితుల ముందు చెప్పకుండా దాచుకునేది వాళ్ళే.

కొమ్మాది అక్క:

మద్దిలపాలెం గారూ, రోజు పెంచకుండానే కుదురుతుంది చూడండి. మానేభంజాంగ్‌లో పడుకునే సోమవారం రాత్రిని డార్జిలింగ్‌కు మార్చండి. అదీ 2,000 మీటర్ల పైనే, ఒంటికి తేడా ఉండదు. న్యూ జల్పాయిగురి నుంచి పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతారు. పాపను ఆ పూటే ఘూమ్ దాకా వెళ్ళొచ్చే టాయ్ ట్రైన్ ఎక్కించేయండి, టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. మంగళవారం తుమ్లింగ్, బుధవారం సందక్‌ఫు, గురువారం దిగి న్యూ జల్పాయిగురి. శుక్రవారం మీ రైలు మీకే ఉంటుంది. గురువారం మాత్రం రోజంతా ప్రయాణమే, అది తప్పదు.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు. సెలవుల రద్దీ కాబట్టి ఆ రోజు ఉదయమే కూర్చోండి. నాన్నగారికి లోయర్ బెర్త్ చూసుకోండి.

మద్దిలపాలెం మనిషి:

అందరికీ చేతులెత్తి దండం. రాత్రి ఇదంతా ఇంట్లో చదివి వినిపించాను. అక్క చెప్పిన వరుసే ఖాయం చేశాం. బుధవారం పొద్దున తుమ్లింగ్‌లో నాన్నగారికి కాస్త తలనొప్పి ఉన్నా ఇక పైకి వెళ్ళం, ఆయనా మా ఆవిడా అక్కడే ఉంటారు, నేనూ పాపా గైరిబాస్ అడవి చూసి వస్తాం అని ముందే మాట అనుకున్నాం. నాన్నగారు మొదట ఒప్పుకోలేదు. తుమ్లింగ్ నుంచి కూడా కనిపిస్తుందన్న ముక్క రెండుసార్లు చదివించుకున్నాక సరేనన్నారు.

శుక్రవారం ఆయన్ను డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాను. పెద్దబ్బాయి గారూ, బాత్‌రూమ్ సంగతి మీరు చెప్పింది కూడా రాసుకున్నాను. తుమ్లింగ్‌లో గదిలోనే బాత్‌రూమ్ ఉన్న బస ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

మన్యం తమ్ముడు:

క్షేమంగా వెళ్ళి రండి అన్నయ్యా. అక్కా, ఫాల్గుణంలో మారేడుమిల్లి అన్నారు, నేను గుర్తుపెట్టుకున్నాను.