ఒట్టోమన్ పాలనను గుల్ల చేసింది ముతెసెల్లిమ్‌లు, నాయిబ్‌లేనా?

మూసీగట్టు:
18వ శతాబ్దంలో ఒట్టోమన్ పాషాల్లో, అంటే గవర్నర్లలో, చాలామంది తమకిచ్చిన జిల్లాలో కాలుపెట్టేవారే కాదు. యుద్ధంలోనో రాజధాని ఇస్తాంబుల్‌లోనో ఉండేవారు. వాళ్ల బదులు జిల్లాను ఏలినవాడు ముతెసెల్లిమ్. ఖాజీ, అంటే న్యాయమూర్తి, బదులు తీర్పు చెప్పినవాడు నాయిబ్. అయాన్‌లనే స్థానిక పెద్దలు ఈ పదవులు పట్టుకుని కేంద్రాన్ని గుల్ల చేశారని నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

పాతపటం:
నేను కాదంటాను. పాషాలు ఇట్టే మారిపోయేవారు. ఏ ఊరు ఎంత కట్టగలదో తెలిసింది స్థానికుడికే. నేటి పశ్చిమ టర్కీలో మనిసా చుట్టూ ఉన్న సారుహాన్ జిల్లా చూడండి. కరావుస్మానోగ్లు కుటుంబం తరాల తరబడి అక్కడ ముతెసెల్లిమ్ పదవిలో ఉంది. ఇజ్మీర్ రేవు నుంచి వెళ్లే పత్తి వ్యాపారంలో వాళ్లకు వాటా ఉంది. దారులు భద్రంగా ఉండాలి, రైతు పొలం వదిలి పారిపోకూడదు. లేకపోతే నష్టం వాళ్లకే. యుద్ధమొస్తే సుల్తాన్‌కు మనుషుల్నీ ధాన్యాన్నీ పంపిందీ ఇలాంటి కుటుంబాలే.

మూసీగట్టు:
మరి రైతు గతేంటండీ? జిల్లాకు అయిన ఖర్చులన్నీ, అంటే పాషా మజిలీ, గుర్రాల దాణా, సైన్యానికి పంపినవి, కూడి ఊళ్ల మీద పంచేవారు. ఆ పంపకం రాసిన పట్టీని తెవ్జీ దఫ్తర్ అంటారు. ఆ పట్టీ ఖాజీ కోర్టు రిజిస్టర్‌లోకి ఎక్కాలి. ఎక్కించేటప్పుడే అయాన్ తన రుసుము కలిపేవాడు, నాయిబ్ తన రుసుము కలిపేవాడు. అన్యాయమని రైతు మొరపెట్టుకోవాల్సింది మళ్లీ ఆ నాయిబ్ దగ్గరే!

పాతపటం:
అది కడుపు మండే విషయమే, ఒప్పుకుంటాను. కానీ ఆ నాయిబ్ చాలాచోట్ల ఖాజీకి డబ్బు కట్టి పదవి తెచ్చుకున్నవాడు. ముతెసెల్లిమ్ కూడా పాషాకు ముట్టజెప్పాల్సిందే. కట్టింది రాబట్టుకోవాలనే చూస్తారు కదా. 1695లో మాలికానే పేరుతో పన్ను వసూలు హక్కును జీవితకాలానికి అమ్మడం మొదలుపెట్టిందే ఖజానా. పదవిని సరుకు చేసింది పైవాళ్లు. తిట్లు మాత్రం కిందివాళ్లకా?

తుంగభద్ర:
ఇద్దరూ 1840 సంగతి వదిలేశారు. తంజీమాత్ అనే పాలనా సంస్కరణల్లో ఇజారాలు, అంటే పన్ను వసూలు గుత్తలు, రద్దుచేసి, జీతమిచ్చి ముహస్సిల్‌లనే పన్ను అధికారులను ఇస్తాంబుల్ నుంచి పంపారు. వాళ్లకు ఊళ్ల లెక్కలు తెలియవు, రాబడి పడిపోయింది. 1842 కల్లా మళ్లీ ఇజారాకే వచ్చారు.

మూసీగట్టు:
స్థానిక పెద్దలు సహకరించకపోవడం వల్లే కదా పడిపోయింది! అది నా మాటకే సాక్ష్యం.

తుంగభద్ర:
అలాగైతే 1864 విలాయెత్ (రాష్ట్రాల) చట్టం ఏం చేసిందో చూడండి. కజాకు, అంటే జిల్లాలోని చిన్న విభాగానికి, కైమకామ్ అనే పాలనాధికారిని కేంద్రమే నియమించింది. అయినా పక్కన స్థానికులున్న పాలనా సభను కూర్చోబెట్టక తప్పలేదు. వాళ్లను వదిలించుకునే దారే ఉంటే అప్పటికి ఇస్తాంబుల్ వదిలించుకునేదే.