చెన్నైలో కంటైనర్ పనికి డే క్యాబిన్ బండి మేలా, స్లీపరా?

నమస్కారం. మాధవరంలో ఉంటాను. చెన్నై, ఎన్నూరు పోర్టుల నుంచి శ్రీపెరంబుదూరు, ఒరగడం గోదాములకు కంటైనర్లు తోలడానికి పాత ట్రైలర్ బండి కొనాలనుకుంటున్నాను. ఒకటి 2019 నాటి బీఎస్-4 (పాత పొగ ప్రమాణాలది), డే క్యాబిన్, అంటే పడక లేనిది. రెండోది 2021 నాటి బీఎస్-6 (కొత్త ప్రమాణాలది), స్లీపర్, అంటే క్యాబిన్‌లో డ్రైవరుకు పడక ఉన్నది. దీని ధర బాగా ఎక్కువ, పైగా యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి పోసే ద్రవం) ఖర్చు.

దూరం చూస్తే పడక దండగే. కానీ ఈ పనిలో నడిపే సమయం కన్నా పోర్టు గేటు ముందు వరుసలో కాచుకునే సమయమే ఎక్కువ, అదీ రాత్రిపూట. స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీసిన మనిషి చేతికి తెల్లవారుజామున 40 టన్నుల బండి అప్పగించడానికి నాకు మనసొప్పదు. మా బావగారేమో, "పడక ఇస్తే పడుకునే ఉంటాడు" అంటున్నారు!

బండికి 8 ఏళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి. బీఎస్-4 బండికి ఆ గడువు ఎంతో దూరం లేదు.

ఈ పనిలో ఉన్నవారు చెప్పండి. స్లీపరుకు అదనంగా పెట్టిన డబ్బు తిరిగి అమ్మేటప్పుడు వస్తుందా? ఫిఫ్త్ వీల్ (ట్రైలర్‌ను ఇంజిను బండికి తగిలించే పళ్లెం) అరుగుదల, ఛాసిస్‌కు వేసిన వెల్డింగు మెకానిక్ చూస్తే చాలా, లేక లోడుతో నడిపి చూడాలా?