వెనక చెక్క చూసి మనసు పారేసుకున్నాను, ఈ పాత గిటార్ కొనొచ్చా?

కాకినాడ కాజా:

అందరికీ నమస్కారం. నాకు నలభై రెండేళ్లు. ఇంజినీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో రూమ్మేట్ గిటార్ మీద ఓ పది పాటలు నేర్చుకున్నాను. తర్వాత ఉద్యోగం, పెళ్లి, హోమ్‌లోన్, అన్నీ వరసగా వచ్చాయి. ఈమధ్య మా అమ్మాయిని కీబోర్డ్ క్లాసుకి తీసుకెళ్లి బయట బెంచీ మీద కూర్చుని కూర్చుని, మళ్లీ మొదలుపెడదామనిపించింది. బడ్జెట్ ఇరవై వేలు. కొత్తది కొనేంత ధైర్యం లేదు. నాలుగు రోజులు వాయించి మూలన పడేస్తే మా ఆవిడ జీవితాంతం దెప్పుతుంది.

మొన్న శనివారం తార్నాకలో ఒకావిడ ఇంటికి వెళ్లి ఒకటి చూశాను. గిటార్ వాళ్లబ్బాయిది. ఆరేళ్ల కిందట కెనడా వెళ్లాడట, అప్పట్నుంచీ కవర్లో బీరువా మీదే ఉంది. ఆవిడ జిప్ తీసి గిటార్‌ని మంచం మీద బోర్లా పెట్టారు. దాంతో ముందు నాకు కనిపించింది వెనక భాగమే. అక్కడే నా పని అయిపోయింది.

ముదురు చాక్లెట్ రంగు. కిటికీ వైపు తిప్పితే లోపల్నుంచి వంగపండు ఛాయ కొడుతోంది. పైనుంచి కిందికి సన్నటి నల్ల గీతలు. మూడు ముక్కలు కలిపి చేసినట్టుంది: అటూ ఇటూ రెండు పెద్దవి, మధ్యలో పైన సన్నగా మొదలై కిందికి వచ్చేసరికి వెడల్పయ్యే ముక్క ఒకటి. ఆ మధ్య ముక్కలో ఒక అంచున వెన్నరంగు చార ఉంది, చిటికెన వేలంత. మా తాతగారి జిట్రేగి మంచం కోళ్లు గుర్తొచ్చాయి. పండక్కి నూనెగుడ్డతో తుడిస్తే అచ్చం ఇదే రంగు తేలేది. నేను దాన్ని నిమురుతూ ఉండిపోయాను. "టీ పెట్టనా బాబూ" అని ఆవిడ రెండుసార్లు అడిగితే గానీ వినపడలేదు.

ఇక సమస్యలు. లోపల లేబుల్ లేదు, అది ఊడిన చోట జిగురు మరక ఉంది. తల మీద పేరు అరిగిపోయింది. ఆరో తీగ లేదు, మిగతావి తుప్పు పట్టాయి. ఉన్నవాటి మీద మీటితే బాగానే ఉందనిపించింది గానీ, ఇన్నేళ్ల తర్వాత నా చెవిని నేనే నమ్మను. "ఇది బ్రెజిల్ రోజ్‌వుడ్ అని మావాడు చెప్పేవాడు" అన్నారావిడ. ఇరవై రెండు వేలు అడుగుతున్నారు.

వెనక చెక్క మూడు ముక్కలైతే లోపమా? బ్రెజిల్ మాట నిజమై ఉంటుందా? ఆదివారం మళ్లీ వస్తానని చెప్పాను. ఏం చూడాలో కాస్త చెప్పండి.

ఆరో తీగ:

వద్దన్నా. పేరూ ఊరూ లేని గిటార్‌కి ఇరవై రెండు వేలా? అదే డబ్బుకి వారంటీతో కొత్తది వస్తుంది. వెనక చెక్క వాయించేటప్పుడు నీ పొట్టకి ఆనుకుని ఉంటుంది, నీకే కనపడదు.

చెక్కపొడి:

తార్నాకా? నేనూ అటువైపే ఉంటాను. రిపేర్లు నాకు వృత్తి కాదు, పిచ్చి. పగలు ఇన్సూరెన్స్ ఆఫీసు, రాత్రి బాల్కనీలో జిగురు డబ్బాలు.

ముందు బ్రెజిల్ సంగతి. ఆ చెట్టు డాల్బెర్జియా నైగ్రా. అంతరించిపోయే జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం ఉంది, 1992లో దాని మొదటి జాబితాలో ఈ చెట్టుని చేర్చారు. పెద్దపులి ఉన్న జాబితా అది. అంతకుముందే, 1960ల చివర్లో, దుంగల ఎగుమతిని బ్రెజిల్ ఆపేసింది. దాంతో అమెరికాలో గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ మన దేశపు రోజ్‌వుడ్‌కి మారింది. ప్రపంచమంతా ఇండియన్ రోజ్‌వుడ్ అని చెప్పుకునేది మీ తాతగారి మంచం కోళ్ల చెట్టే. ఇరవై రెండు వేలకి బీరువా మీద బ్రెజిల్ దొరకదు సార్. అలాగని ఆంటీ అబద్ధం చెప్పారనను. వాళ్లబ్బాయికి అంటగట్టినవాడెవడో చెప్పి ఉంటాడు.

మూడు ముక్కలు లోపం కాదు. మార్టిన్ వాళ్లే 1965లో డి-35 అని ఒక మోడల్ తెచ్చారు, దాని వెనక భాగం మూడు ముక్కలే. వెడల్పాటి బ్రెజిల్ పలకలు దొరకడం కష్టమైపోయి, సన్నవి వృథా కాకుండా అలా వాడారు. అవసరం కోసం చేసింది కాస్తా అందమైపోయింది. తర్వాత చాలామంది చవక గిటార్లలో కూడా ఆ పోలిక దించారు.

అసలు ప్రశ్న వేరే ఉంది. అది సాలిడ్ చెక్కా, పైన రోజ్‌వుడ్ పొర అతికించిన లామినేటా? మీరు చెప్పిన వెన్నరంగు చారే దీనికి సాక్షి. ఫోన్ టార్చి, చిన్న అద్దం తీసుకెళ్లండి. ముందున్న గుండ్రటి రంధ్రం, సౌండ్ హోల్‌లోంచి వెనక చెక్క లోపలి వైపు చూడండి. సాలిడ్ అయితే బయట చార ఉన్న చోటే లోపలా చార ఉండాలి. మధ్యలో అతుకు మీద బద్ద అడ్డం వస్తుంది, దాని పక్కనుంచి చూడండి. లోపల కూడా రోజ్‌వుడ్డే కనిపించిందని సంబరపడొద్దు, రెండు వైపులా పొర వేసేవాళ్లున్నారు. గీతలు కలవాలి, రంగు కలిస్తే చాలదు.

ముందు చెక్కకి ఇంకా తేలిక. సౌండ్ హోల్ అంచు మీద గోరు పెట్టి చూడండి. పైన కనిపించే గీతలు అంచు మీదుగా అలాగే లోపలికి దిగితే సాలిడ్. అంచులో అడ్డంగా రెండు మూడు పొరలు కనిపిస్తే ప్లైవుడ్. మోత ఎక్కువగా పుట్టేది ముందు చెక్కలోనే కాబట్టి మీ డబ్బు దానికి ఇవ్వండి.

తర్వాత బ్రిడ్జ్, అంటే ముందు చెక్క మీద తీగలు బిగించే చెక్కముక్క. ఆరేళ్లు తీగలు బిగించే వదిలేశారు కదా. మామూలు సెట్ అయితే ఆరు తీగలూ కలిపి డెబ్బై కిలోలకి పైగా లాగుతాయి. బ్రిడ్జ్ వెనక అంచు కింద విజిటింగ్ కార్డ్ దూర్చి చూడండి. అస్సలు దూరకూడదు. బ్రిడ్జ్ దాటాక ముందు చెక్క కాస్త ఉబ్బి ఉండటం మామూలే, బాగా గుట్టలా లేస్తే అనుమానించాలి. ఒళ్లంతా వేలి కణుపుతో మెల్లిగా తట్టండి, ఎక్కడైనా గరగరమంటే లోపల బద్ద ఊడినట్టు.

ఒక కొత్త తీగల సెట్ కొనుక్కెళ్లండి, బేరం కుదరకపోయినా ఆంటీకి గిటార్ శుభ్రమవుతుంది. శ్రుతి చేశాక మెడ మీది అడ్డ కడ్డీల్లో పన్నెండోది, అంటే పన్నెండో ఫ్రెట్ దగ్గర, లావు తీగ కింద ఖాళీ స్కేలుతో కొలవండి. రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే హాయి. నాలుగు ఉంటే వేళ్లు బొబ్బలే. ఎక్కువ ఉన్నా భయం లేదు, బ్రిడ్జ్ మీద తెల్ల పట్టీ, సాడిల్, ఎంత ఎత్తు మిగిలిందో చూడండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒక మిల్లీమీటర్ తగ్గాలంటే సాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. అరగదీయడానికి అక్కడ ఏమీ మిగల్లేదనుకోండి, మెడ ఊడదీసి కోణం సరిచేయాలి. ఆ ఖర్చు గిటార్ ధరని మింగేస్తుంది. అప్పుడు టీ తాగి, దండం పెట్టి వచ్చేయండి.

ఆరో తీగ:

చెక్కపొడి అన్న చెప్పిందే నేను సూటిగా చెప్తా. వెనక చెక్కకి పైసా ఎక్కువివ్వకు. 2018లో ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. ఆరు గిటార్లు, అన్నీ ఒకేలా చేయించారు, వెనకా పక్కలా వేసిన చెక్క మాత్రమే వేరు. బ్రెజిల్ రోజ్‌వుడ్, మన రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, వాల్‌నట్, సపేలే. యాభై రెండు మంది గిటారిస్టులకి వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టి మసక వెలుతురులో వాయించమన్నారు. ఖరీదైన చెక్కకీ చవక చెక్కకీ మార్కుల్లో పెద్ద తేడా రాలేదు. అంతెందుకు, 1862లోనే స్పెయిన్‌లో టోరెస్ అనే ఆయన వెనకా పక్కలా అట్టతో గిటార్ చేసి చూపించాడు.

బొబ్బిలి పిల్ల:

వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకుని ఇంట్లో ఎవరు వాయిస్తారండీ?

మాది బొబ్బిలి దగ్గర. మా వైపు వీణలు పనసచెక్కతో చేస్తారు, ఏకాండి వీణ అంటే మొత్తం ఒకే దుంగలోంచి తొలిచినది. మా పెద్దనాన్నగారి వీణ కుండ వెనక భాగం అద్దంలా ఉండేది. కచేరీలో ఎవరికీ కనపడదు. అయినా రోజూ సాధనకి ముందు పంచె కొంగుతో ఒకసారి తుడిచేవారు, ఆ తుడవడంతోనే సాధన మొదలైపోయేది. కాజా గారికి పదేళ్లుగా బద్ధకం. చూడగానే చేతిలోకి తీసుకోవాలనిపించే వస్తువు అయితే సగం పని అదే చేస్తుంది. నా దగ్గరున్న గిటార్ చూడ్డానికి పెట్టెలా ఉంటుంది, నిజంగా పెట్టెలాగే మంచం కింద ఉంది.

కాజా గారూ, ఎండాకాలం కారు డిక్కీలో మాత్రం వదలకండి. మా తమ్ముడు ఒక మధ్యాహ్నం వదిలాడు, బ్రిడ్జ్ ఊడి వచ్చింది.

కాకినాడ కాజా:

పదేళ్లు కాదండీ, పద్దెనిమిది.

ఆదివారం వెళ్లొచ్చాను. మా ఆవిడ పౌడర్ డబ్బా అద్దం, అమ్మాయి జామెట్రీ బాక్సులో స్కేలు, కొత్త తీగలు పట్టుకుని వెళ్తే ఆంటీ నన్నొక డాక్టర్ని చూసినట్టు చూశారు.

ముందు చెడ్డ వార్త. లోపల చార లేదు. టార్చి వేసి, అద్దం అటూ ఇటూ తిప్పి, మెడ పట్టేసేదాకా చూశాను. లోపల ఎర్రమట్టి రంగులో చప్పటి చెక్క, బయట ఉన్న ఒక్క గీత కూడా లేదు. మూడు ముక్కలు కూడా లేవు, లోపలంతా ఒకే పలక. అంటే నేను మనసు పారేసుకున్నది కాగితం మందాన ఉన్న పొర మీద. నిజం చెప్పాలంటే కాసేపు బాధేసింది. గిటార్‌ని మళ్లీ బోర్లా తిప్పాను, తెలిసిపోయింది కదా, ఇక అంత అందంగా ఉండదులే అని. అంతే అందంగా ఉంది.

ముందు చెక్క మాత్రం సాలిడ్. గీతలు అంచు దాటి శుభ్రంగా లోపలికి దిగాయి. బ్రిడ్జ్ కింద ఒక మూల కార్డు గోరంత దూరింది. బంకుల్లో తట్టి చూసే కొబ్బరికాయలా ఒళ్లంతా తట్టాను, గరగర ఎక్కడా లేదు. బ్రిడ్జ్‌లో తీగల్ని పట్టి ఉంచే పిన్నులు బిగుసుకుపోతే ఆంటీ వంటింట్లోంచి చెంచా తెచ్చిచ్చారు, దాని అంచు ఆనించి లేపాను. కొత్త తీగలు వేసి కొలిస్తే మూడున్నర మిల్లీమీటర్లు. సాడిల్ ఐదు మిల్లీమీటర్ల ఎత్తుంది. అంటే రెండు అరగదీసినా మూడు మిగులుతుంది, కదా?

హాస్టల్ రోజుల్లో నేర్చుకున్న పాట ఒకటి మొదలుపెట్టాను. మూడో పట్టు మార్చే చోట వేళ్లు మొరాయించాయి. ఆంటీ గుమ్మంలో నిలబడి "మావాడూ అక్కడే ఆగిపోయేవాడు" అన్నారు. ఆ మాట తర్వాత బేరమాడటం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. అయినా ఆవిడకి అద్దంలో లోపలి చెక్క చూపించి, ఇది బ్రెజిల్ కాదని చెప్పాను. కార్డు దూరిన చోటు కూడా చూపించాను. ఆవిడ కెనడాకి వీడియో కాల్ చేశారు. అక్కడ అర్ధరాత్రి. నిద్రమొహంతో అబ్బాయి ఒకటే అన్నాడు: "అమ్మా, వాయించేవాళ్లకైతే ఇచ్చెయ్." పదహారున్నరకి తెగింది.

చెక్కపొడి:

లెక్క కరెక్టే, మూడు మిగులుతుంది. కానీ బ్రిడ్జ్ లేచిందని తెలిశాక కూడా తీగలు పూర్తిగా బిగించావా మహానుభావా! ఇప్పుడే వెళ్లి వదులు చెయ్. బిగింపు ఉండగా ఆ సందు పెరుగుతుందే గానీ తగ్గదు. బ్రిడ్జ్ మొత్తం ఊడదీసి, పాత జిగురు గీకి, మళ్లీ అతికించాలి. పైపైన సందులోకి జిగురు పోస్తామనే వాళ్లకి ఇవ్వకు.

లామినేట్ అని మరీ బాధపడకు. మన ఊళ్లో వానాకాలం తడి, ఎండాకాలం పొడి. సాలిడ్ వెనక చెక్కలు పగిలి నా బాల్కనీకి వస్తుంటాయి. లామినేట్‌ది ఇప్పటిదాకా ఒక్కటీ రాలేదు.

ఆరో తీగ:

పదహారున్నరకి సాలిడ్ టాప్ అంటే సరేలే. ఒప్పుకున్నా. సగం.

కాకినాడ కాజా:

తీగలు వదులు చేశాను. గురువారం బ్రిడ్జ్ పనికి ఇస్తున్నాను. అంతవరకూ హాల్లో సోఫా పక్కన గోడకి ఆనించి పెట్టాను. "ముందు వైపు గోడకి తిప్పి పెట్టారేంటి, అలిగిందా?" అంది మా ఆవిడ.

చివరగా ఒక్కటి. రిపేర్ అయ్యాక 12 గేజ్ తీగలే వెయ్యనా, కాస్త సన్నవి 11 వెయ్యనా? వేలి కొసలు ఇప్పటికే మండుతున్నాయి.

చెక్కపొడి:

11 వెయ్. పెన్సిల్ పట్టుకోగలిగితే నెల తర్వాత 12 గురించి మాట్లాడుకుందాం.